సర్వర్ ఆటోమేటిక్ ఇన్‌స్టలేషన్‌లో డేటాబేస్ సెటప్ స్క్రిప్ట్ ఫెయిలైతే: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త సర్వర్ లేస్తుంది, ప్యాకేజీలన్నీ దిగుతాయి, వెబ్ సర్వర్ కూడా నడుస్తుంది. తీరా డేటాబేస్ దగ్గరికి వచ్చేసరికి ఎర్ర అక్షరాలు. ఇక్కడ చిక్కుకున్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను ఒకచోట పెట్టాను. ఉదాహరణలు ఎక్కువగా మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ల మీద, ఉబుంటు, డెబియన్ తరహా లినక్స్ మీద ఉంటాయి.

## స్క్రిప్ట్ ఫెయిలైంది. ముందుగా ఎక్కడ చూడాలి?

లాగ్‌లో మొదటి ఎర్రర్ చూడండి, చివరిది కాదు. చాలామంది స్క్రీన్ మీద ఆఖర్న కనిపించిన లైన్‌ని కాపీ చేసి వెతుకుతారు. "టేబుల్ లేదు" అని ఉంటుంది. పైకి నలభై లైన్లు వెళ్తే "యాక్సెస్ డినైడ్" అని ఉంటుంది. యూజర్ లాగిన్ కాలేదు కాబట్టి డేటాబేస్ తయారు కాలేదు, డేటాబేస్ లేదు కాబట్టి టేబుల్ లేదు. చివరి లైన్ పట్టుకుని వెతికితే రోజంతా వెతకాల్సిందే.

క్లౌడ్-ఇనిట్ (కొత్త సర్వర్ మొదటిసారి లేచేటప్పుడు మీ సెటప్ పనులు నడిపే టూల్) వాడుతుంటే వార్ ఫోల్డర్ లోపల లాగ్ ఫోల్డర్‌లో క్లౌడ్-ఇనిట్-అవుట్‌పుట్ అనే ఫైల్ ఉంటుంది. మీ స్క్రిప్ట్ స్క్రీన్ మీద రాసిందంతా అందులోనే పడుతుంది. డేటాబేస్ సర్వీసే లేవకపోతే సర్వీసుల లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్‌లో ఆ సర్వీస్ పేరు పెట్టి చూడండి, ఆ తర్వాత డేటాబేస్ సొంత ఎర్రర్ లాగ్ తెరవండి. మూడింటినీ టైమ్ ప్రకారం పక్కపక్కన పెట్టి చదివితే, సగం కేసుల్లో కారణం అక్కడే కనిపిస్తుంది.

## చేత్తో నడిపితే బాగానే నడుస్తుంది. ఇన్‌స్టలేషన్‌లో మాత్రం ఫెయిలవుతుంది. ఎందుకు?

మీరు చేత్తో నడిపేటప్పుడు మీ చుట్టూ ఉండే సరంజామా అక్కడ ఉండదు కాబట్టి. ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అయినప్పుడు మీ హోమ్ ఫోల్డర్, అందులో పాస్‌వర్డ్ దాచుకున్న సెట్టింగ్స్ ఫైల్, మీ పాత్, మీ లాంగ్వేజ్ సెట్టింగ్ అన్నీ వచ్చేస్తాయి. మొదటి బూట్‌లో నడిచే స్క్రిప్ట్‌కి అవేవీ ఉండకపోవచ్చు. హోమ్ వేరియబుల్ కూడా ఖాళీగా ఉండొచ్చు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పడానికి టెర్మినల్ ఉండదు. పైగా అది రూట్ యూజర్‌గా నడుస్తుంది.

ఇంకో తేడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. క్లౌడ్-ఇనిట్‌లో రన్‌సీఎండీ అనే సెక్షన్ కింద రాసిన కమాండ్లు మామూలు ఎస్‌హెచ్ షెల్‌లో నడుస్తాయి, బ్యాష్‌లో కాదు. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే డ్యాష్. అందులో "సోర్స్" అనే కమాండ్ లేదు. పైగా ఒక కమాండ్ ఫెయిలైనా తర్వాతిది నడుస్తూనే ఉంటుంది. అందుకే నేను డేటాబేస్ పనిని అక్కడ నేరుగా రాయను. వేరే బ్యాష్ ఫైల్‌గా పెట్టి, రన్‌సీఎండీ నుంచి దాన్ని పిలుస్తాను.

తేడా ఇదేనా కాదా అని తేల్చుకోవాలంటే, ఈఎన్‌వీ కమాండ్‌కి ఐ ఆప్షన్ ఇచ్చి, ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో స్క్రిప్ట్ నడపండి. అక్కడ కూడా ఫెయిలైతే దొంగ దొరికినట్టే.

## "సాకెట్ ద్వారా లోకల్ సర్వర్‌కి కనెక్ట్ కాలేకపోయాం" అని 2002 ఎర్రర్ వస్తోంది. ఇన్‌స్టాల్ అయితే అయింది కదా?

సాకెట్ అంటే అదే మెషీన్‌లోని ప్రోగ్రాములు డేటాబేస్‌తో మాట్లాడే ప్రత్యేక ఫైల్. ఇన్‌స్టాల్ అవడం, స్టార్ట్ అవడం, సిద్ధంగా ఉండడం మూడూ వేరు. మైఎస్‌క్యూఎల్ మొదటిసారి లేచేటప్పుడు డేటా ఫోల్డర్ తయారు చేసుకుంటుంది, సిస్టమ్ టేబుళ్లు రాసుకుంటుంది. నెమ్మదైన డిస్క్ మీద దానికి టైమ్ పడుతుంది. మీ స్క్రిప్ట్ 12వ సెకనులో తలుపు తడితే, డేటాబేస్ 14వ సెకనులో తలుపు తీస్తుంది. ఆ రెండు సెకన్లే మీ ఎర్రర్.

చాలామంది మధ్యలో "స్లీప్ 10" పెట్టి ఊరుకుంటారు. ఈరోజు పది సరిపోతుంది, రేపు చిన్న సర్వర్ మీద పదిహేను కావాలి. అప్పుడు మళ్లీ మొదటికొస్తారు. సరైన పద్ధతి ఏమిటంటే ప్రతి రెండు సెకన్లకీ అడుగుతూ, గరిష్ఠంగా ఇన్నిసార్లు అని హద్దు పెట్టుకుని, అప్పటికీ లేవకపోతే స్పష్టమైన మెసేజ్‌తో ఆగిపోవడం. పోస్ట్‌గ్రెస్‌కి పీజీ-ఈజ్‌రెడీ ఉంది. మైఎస్‌క్యూఎల్‌కి మైఎస్‌క్యూఎల్-అడ్మిన్ పింగ్ ఉంది. కానీ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: పాస్‌వర్డ్ తప్పైనా ఆ పింగ్ సక్సెస్ అనే చెబుతుంది, ఎందుకంటే సర్వర్ బతికే ఉంది కదా. కాబట్టి పింగ్ మీద ఆగకుండా "సెలెక్ట్ 1" అనే చిన్న క్వెరీని అసలు యూజర్‌తో నడిపి చూడడం మేలు.

డాకర్‌లో (ప్రోగ్రాములను కంటెయినర్లనే విడి పెట్టెల్లో నడిపే టూల్) అయితే మరో చిక్కు ఉంది. డేటాబేస్‌ల అధికారిక ఇమేజ్‌లు (కంటెయినర్లకి మూసలు) మొదట ఒక తాత్కాలిక సర్వర్‌ని లేపి, సెటప్ స్క్రిప్టులు నడిపి, దాన్ని ఆపి, అసలు సర్వర్‌ని లేపుతాయి. ఆ తాత్కాలిక సర్వర్ నెట్‌వర్క్ పోర్ట్ మీద వినదు, సాకెట్ మీద మాత్రమే వింటుంది. మీ చెక్ సాకెట్ మీద ఉంటే "రెడీ" అని ముందే చెప్పేస్తుంది, వెంటనే కనెక్షన్ తెగుతుంది. చెక్‌ని 127.0.0.1 మీద పెట్టండి. "లోకల్‌హోస్ట్" అని రాస్తే మైఎస్‌క్యూఎల్ క్లయింట్ పోర్ట్ 3306కి వెళ్లదు, సాకెట్‌కే వెళ్తుంది. రెండూ ఒకటే అనుకుని మోసపోయినవాళ్లు చాలామంది.

## స్క్రిప్ట్ సక్సెస్ అని చెప్పింది. తీరా చూస్తే టేబుళ్లు లేవు. ఇదెలా సాధ్యం?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. ఫెయిలై ఆగిపోయే స్క్రిప్ట్ మీకు గంట సమయం నష్టం చేస్తుంది. ఫెయిలై కూడా సక్సెస్ అని చెప్పే స్క్రిప్ట్ మీ యూజర్ల డేటాకే ఎసరు పెడుతుంది.

నేను స్వయంగా రాసిన ఒక స్క్రిప్ట్ సంగతి చెబుతాను. పోస్ట్‌గ్రెస్‌లో యూజర్ల టేబుల్‌లో ఈమెయిల్ కాలమ్‌కి సిటెక్స్ట్ అనే టైప్ పెట్టాను. అది ఎక్స్‌టెన్షన్‌గా, అంటే విడిగా చేర్చుకునే అదనపు భాగంగా వస్తుంది. నా టెస్ట్ మెషీన్ ఉబుంటు, అక్కడ ఎక్స్‌టెన్షన్ ఫైళ్లు ముందే ఉన్నాయి. కొత్త సర్వర్ రెడ్ హ్యాట్ తరహాది, అక్కడ కాంట్రిబ్ అనే ప్యాకేజీని విడిగా వేయాలి, నేను వేయలేదు. ఎక్స్‌టెన్షన్ తయారీ ఫెయిలైంది. దాంతో "సిటెక్స్ట్ అనే టైప్ లేదు" అంటూ యూజర్ల టేబుల్ ఫెయిలైంది. దాన్ని ఆధారం చేసుకున్న ఆర్డర్ల టేబుల్, అడ్రస్‌ల టేబుల్ వరసగా "యూజర్స్ అనే రిలేషన్ లేదు" అంటూ కూలాయి. వాటితో సంబంధం లేని టేబుళ్లు మాత్రం చక్కగా తయారయ్యాయి. చివర్లో పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ క్లయింట్) ఎగ్జిట్ కోడ్ 0, అంటే సక్సెస్ అని ఇచ్చింది. ఇన్‌స్టలేషన్ స్క్రీన్ పచ్చగా వెలిగింది. హోమ్ పేజీ తెరుచుకుంది. మర్నాడు మొదటి యూజర్ రిజిస్టర్ చేయబోయేదాకా ఎవరికీ తెలియలేదు.

కారణం ఒకటే. పీఎస్‌క్యూఎల్ ఫైల్ నడిపేటప్పుడు మధ్యలో ఎర్రర్ వచ్చినా ముందుకే పోతుంది, అది దాని డిఫాల్ట్ పద్ధతి. "ఆన్ ఎర్రర్ స్టాప్" అనే వేరియబుల్‌ని 1 చేసి నడిపితేనే మొదటి ఎర్రర్ దగ్గర ఆగి, ఎగ్జిట్ కోడ్ 3 ఇస్తుంది. ఆ రోజు నుంచి అది లేకుండా నేను ఒక్క ఫైల్ కూడా నడపలేదు. మైఎస్‌క్యూఎల్ క్లయింట్ ఈ విషయంలో నయం, ఎర్రర్ వస్తే ఆగుతుంది. మీరు "ఫోర్స్" ఆప్షన్ ఇస్తే తప్ప.

రెండో దొంగ పైప్. డేటాబేస్ కమాండ్ అవుట్‌పుట్‌ని లాగ్‌లోకి పంపడానికి పైప్ (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకో కమాండ్‌కి అందించేది) పెట్టి టీ కమాండ్ వాడతాం. అప్పుడు షెల్ చూసేది టీ ఎగ్జిట్ కోడ్, డేటాబేస్‌ది కాదు. టీ దాదాపు ఎప్పుడూ సక్సెసే. బ్యాష్‌లో "సెట్"కి పైప్‌ఫెయిల్ ఆప్షన్ ఇవ్వాలి. "సెట్ మైనస్ ఈ" ఒక్కటే చాలదు. ఇఫ్ కండిషన్ లోపల, అండ్ ఆర్ గుర్తుల ఎడమ పక్కన వచ్చే కమాండ్ ఫెయిలైతే అది పట్టించుకోదు కూడా.

ఇవన్నీ చేశాక కూడా చివర్లో ఒక చెక్ పెట్టండి. ఎన్ని టేబుళ్లు ఉండాలో మీకు తెలుసు కదా, ఇన్ఫర్మేషన్ స్కీమాలో (డేటాబేస్ తన టేబుళ్ల జాబితా ఉంచే చోటు) లెక్కపెట్టి పోల్చండి. అయిదు లైన్ల పని.

## రూట్ పాస్‌వర్డ్ సరిగ్గానే ఇచ్చాను. అయినా యాక్సెస్ డినైడ్.

ఉబుంటు, డెబియన్‌లలో డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీతో వచ్చే డేటాబేస్‌లో రూట్‌కి పాస్‌వర్డ్ లాగిన్ ఉండకపోవచ్చు. సాకెట్ ఆథెంటికేషన్ ఉంటుంది: లినక్స్‌లో మీరు రూట్ అయితే డేటాబేస్‌లోనూ రూట్. పాస్‌వర్డ్ ఇవ్వకుండా, సుడో కింద, సాకెట్ మీదుగా వెళ్లండి. రెడ్ హ్యాట్ తరహా సిస్టమ్‌ల మీద ఒరాకిల్ వాళ్ల మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీ వేస్తే మొదటి స్టార్ట్‌లో ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ తయారై ఎర్రర్ లాగ్‌లో పడుతుంది. అది మార్చేదాకా వేరే పనేదీ చేయనివ్వదు.

పోస్ట్‌గ్రెస్‌లో ఇదే గొడవ "పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అన్న రూపంలో వస్తుంది. పోస్ట్‌గ్రెస్ అనే లినక్స్ యూజర్‌గా మారి నడపండి. ఎవరు ఎలా లాగిన్ కావచ్చో చెప్పే పీజీ-హెచ్‌బీఏ ఫైల్‌లో మీ రూల్ చేర్చినా పనిచేయకపోతే, అది ఎక్కడ ఉందో చూడండి. పైనుంచి కిందికి మొదట కుదిరిన రూలే అమలవుతుంది. అడుగున చేర్చిన రూల్ దాకా రాకపోవచ్చు.

## మొదటిసారి సగంలో ఆగింది. మళ్లీ నడిపితే "ఇప్పటికే ఉంది" అంటోంది.

సెటప్ స్క్రిప్ట్‌ని ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే ఉండేలా రాయాలి. చెప్పడం తేలిక, చేయడంలోనే మెలికలున్నాయి.

మైఎస్‌క్యూఎల్‌లో డేటాబేస్, యూజర్ రెండింటికీ "ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్" ఉంది. కానీ యూజర్ ముందే ఉంటే, మీరిచ్చిన కొత్త పాస్‌వర్డ్‌ని అది పట్టించుకోదు, హెచ్చరిక ఇచ్చి ముందుకు వెళ్తుంది. స్క్రిప్ట్ సక్సెస్, అప్లికేషన్ లాగిన్ ఫెయిల్. అందుకే ఆ వెనకే ఆల్టర్ యూజర్‌తో పాస్‌వర్డ్ మళ్లీ పెట్టాలి.

పోస్ట్‌గ్రెస్‌లో డేటాబేస్ తయారీకి "ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్" లేనే లేదు. ముందుగా పీజీ-డేటాబేస్ అనే కేటలాగ్‌లో పేరు ఉందేమో చూసి, లేకపోతేనే తయారు చేయాలి. ఆ కమాండ్‌ని ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే కమాండ్ల కట్ట) లోపల పెట్టకూడదు, ఒప్పుకోదు.

సగంలో ఆగినప్పుడు రెండింటి ప్రవర్తన పూర్తిగా వేరు. పోస్ట్‌గ్రెస్‌లో టేబుళ్ల తయారీని ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే, ఫెయిలైనప్పుడు అన్నీ వెనక్కి పోతాయి, ఏమీ జరగనట్టే. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి క్రియేట్ టేబుల్ దానంతటదే కమిట్ అయిపోతుంది. ఇరవై టేబుళ్లలో పన్నెండోది కూలితే మొదటి పదకొండూ అలాగే ఉండిపోతాయి. అక్కడ ఏ మెట్టు దాకా వచ్చామో ఒక చిన్న టేబుల్‌లో రాసుకోవడం తప్ప వేరే దారి లేదు. మైగ్రేషన్ టూల్స్ చేసేది అదే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: ఎర్రర్ పోగొట్టుకోవడానికి స్క్రిప్ట్ మొదట్లో "ఉంటే డేటాబేస్‌ని డ్రాప్ చేయి" అని రాయకండి. అది టెస్ట్ సర్వర్ మీద పుట్టిన లైన్ అయినా, ఏదో ఒక రోజు అసలు సర్వర్ మీద నడుస్తుంది.

## డాకర్‌లో ఇనిట్ ఫోల్డర్‌లో పెట్టిన ఎస్‌క్యూఎల్ ఫైల్ అసలు నడవడం లేదు.

ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లు డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడే నడుస్తాయి. నిన్నటి వాల్యూమ్ (కంటెయినర్ పోయినా డేటా నిలిచే చోటు) ఇంకా ఉంటే ఈరోజు మార్చిన ఫైల్‌ని చూడదు. ఇంతకన్నా ఘోరం ఇంకొకటి: మొదటిసారి స్క్రిప్ట్ మధ్యలో ఫెయిలై కంటెయినర్ ఆగిపోతుంది, కంటెయినర్లను చూసుకునే ఆర్కెస్ట్రేటర్ దాన్ని వెంటనే మళ్లీ లేపుతుంది. ఈసారి డేటా ఫోల్డర్ ఖాళీగా లేదు కాబట్టి మిగతా స్క్రిప్టులు వదిలేసి సర్వర్ హాయిగా లేస్తుంది. బయటికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మొదటి కంటెయినర్ లాగ్ చూస్తే తప్ప తెలియదు. విలువైన డేటా లేదని రూఢి చేసుకున్నాకే వాల్యూమ్ తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. ఫైళ్లు పేర్ల వరసలో నడుస్తాయి కాబట్టి పేరు ముందు 01, 02 అని పెట్టుకోండి. 1, 2, 10 అని పెడితే 2 కన్నా 10 ముందు వస్తుంది.

## ఏళ్లుగా నడిచిన స్క్రిప్ట్ కొత్త వెర్షన్ మీద కూలింది. మేమేమీ మార్చలేదు.

మీరు మార్చలేదు, డేటాబేస్ మారింది. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0లో గ్రాంట్ కమాండ్‌తోనే యూజర్‌ని తయారు చేసే పాత అలవాటు చెల్లదు. ముందు క్రియేట్ యూజర్, ఆ తర్వాతే గ్రాంట్. పాస్‌వర్డ్ అనే ఫంక్షన్‌నీ తీసేశారు. ర్యాంక్, గ్రూప్స్, సిస్టమ్ అనేవి రిజర్వ్‌డ్ పదాలయ్యాయి, కాబట్టి "గ్రూప్స్" అనే టేబుల్ ఉన్న పాత ఫైల్ 1064 సింటాక్స్ ఎర్రర్‌తో ఆగుతుంది. డిఫాల్ట్ ఆథెంటికేషన్ పద్ధతి మారడంతో పాత క్లయింట్ లైబ్రరీలు లాగిన్ కాలేకపోయాయి. అప్పట్లో చాలామంది పాత నేటివ్ పాస్‌వర్డ్ పద్ధతికి వెనక్కి వెళ్లి గండం గట్టెక్కారు. 8.4లో అది డిఫాల్ట్‌గా ఆఫ్ అయింది, 9.0లో పూర్తిగా పోయింది.

పోస్ట్‌గ్రెస్ 15 (2022)లో పబ్లిక్ అనే డిఫాల్ట్ స్కీమాలో (టేబుళ్లు ఉండే విభాగం) ఎవరైనా టేబుల్ తయారు చేసుకునే అనుమతి తీసేశారు. "పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్" అని వస్తే అదే. డేటాబేస్‌ని మీ అప్లికేషన్ యూజర్ పేరు మీదే, అతన్నే ఓనర్‌గా పెట్టి తయారు చేస్తే సమస్య రాదు.

ఇన్‌స్టలేషన్ స్క్రిప్ట్‌లో వెర్షన్ నంబర్ రాయకుండా "తాజాది" అని వదిలేస్తే, ఇలాంటివన్నీ మీకు తెలియని రోజున వస్తాయి.

## ప్యాకేజీ ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోతోంది.

రెండే కారణాలు ఎక్కువ. ఒకటి, ప్యాకేజీ ఏదో ప్రశ్న అడిగి జవాబు కోసం కూర్చుంది. డెబియన్ ఫ్రంటెండ్ వేరియబుల్‌ని నాన్ఇంటరాక్టివ్ చేయండి. రెండు, మొదటి బూట్‌లో ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేట్ నడుస్తూ ప్యాకేజీలు వేసే డీపీకేజీ లాక్ పట్టుకుంది. ఏపీటీకి లాక్ టైమౌట్ ఆప్షన్ 300 సెకన్లు ఇస్తే లాక్ వదిలేదాకా ఆగుతుంది. లాక్ ఫైల్‌ని డిలీట్ చేయమని సలహాలు కనిపిస్తాయి, వినకండి.

## పాస్‌వర్డ్‌లో ప్రత్యేక గుర్తులుంటే ఏమవుతుంది?

ఆటోమేటిక్‌గా తయారైన పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు ఉంటే, డబుల్ కోట్స్‌లో షెల్ దాన్ని వేరియబుల్ అనుకుని ఖాళీ చేస్తుంది. హ్యాష్ గుర్తు ముందు ఖాళీ ఉంటే యామ్‌ల్ (సెట్టింగ్స్ ఫైళ్ల ఫార్మాట్) దాన్ని కామెంట్ అనుకుంటుంది. కనెక్షన్ యూఆర్‌ఎల్‌లో ఎట్ గుర్తు ఉంటే అక్కడి నుంచి హోస్ట్ పేరు మొదలైందనుకుంటుంది. పది సర్వర్లలో తొమ్మిది బాగుండి ఒక్కటే ఫెయిలైతే, దాని పాస్‌వర్డ్‌ని ఒకసారి కళ్లతో చూడండి. నేను అక్షరాలు, అంకెలతోనే, కాకపోతే పొడవుగా 32 అక్షరాలతో తయారు చేస్తాను. బలం తగ్గదు, తలనొప్పి పోతుంది.

పాస్‌వర్డ్‌ని కమాండ్ లైన్‌లో ఇవ్వకండి, ప్రాసెస్ లిస్ట్‌లో కనిపించే ప్రమాదం ఉంది. డీబగ్ కోసం "సెట్ మైనస్ ఎక్స్" పెట్టి మర్చిపోతే లాగ్‌లో పడుతుంది.

## ఎన్‌కోడింగ్ ఎర్రర్లు ఎందుకొస్తాయి?

లాంగ్వేజ్ సెట్టింగ్ లేకుండా పోస్ట్‌గ్రెస్ క్లస్టర్ తయారైతే దాని టెంప్లేట్ (కొత్త డేటాబేస్‌లకి మూస) ఎస్‌క్యూఎల్-ఆస్కీ ఎన్‌కోడింగ్‌లో ఉండిపోతుంది. ఆ తర్వాత యూటీఎఫ్-8 డేటాబేస్ అడిగితే టెంప్లేట్‌తో పొసగదంటుంది. టెంప్లేట్‌జీరో నుంచి తయారు చేయండి, లేదా ఇన్‌స్టాల్‌కి ముందే లొకేల్ (లాంగ్వేజ్ సెట్టింగ్) పెట్టండి.

మైఎస్‌క్యూఎల్‌లో "యూటీఎఫ్8" అని పాత స్క్రిప్టుల్లో ఉండేది గరిష్ఠంగా మూడు బైట్లదే. తెలుగు అక్షరానికి మూడు బైట్లు చాలు కాబట్టి మన టెక్స్ట్‌తో టెస్ట్ చేస్తే అంతా బాగుంటుంది, ఎమోజీ రాగానే తప్పుతుంది, దానికి నాలుగు కావాలి. యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి. పాత వెర్షన్లలో అలా మార్చగానే "కీ 767 బైట్లు దాటింది" అంటే, 255 అక్షరాల కాలమ్ మీద ఇండెక్స్ ఉందన్నమాట. డైనమిక్ రో ఫార్మాట్‌లో ఆ హద్దు 3072.

## "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటోంది. ఫైల్ అక్కడే ఉంది కదా?

విండోస్‌లో ఎడిట్ చేసిన ఫైల్. లైన్ చివర కనిపించని అక్షరం ఉంది. డాస్-టు-యునిక్స్‌తో తీసేసి, మళ్లీ రాకుండా గిట్ అట్రిబ్యూట్స్‌లో లైన్ ఎండింగ్ ఖరారు చేయండి.

## పెద్ద డేటా ఎక్కించేటప్పుడు డేటాబేస్ ఉన్నట్టుండి చచ్చిపోతోంది.

కంటెయినర్ ఎగ్జిట్ కోడ్ 137 అయితే కెర్నల్ మెమరీ చాలక చంపిందేమో కెర్నల్ లాగ్ చూపే డీమెసేజ్‌లో చూడండి. 512 ఎంబీ మెషీన్ మీద మైఎస్‌క్యూఎల్ 8 పెట్టి, పక్కన అప్లికేషన్ బిల్డ్ కూడా నడిపితే ఇది మామూలే. డేటా ఫోల్డర్‌ని వేరే డిస్క్‌కి మార్చాక పర్మిషన్ ఎర్రర్ 13 వస్తే, ఫైల్ ఓనర్ సరిగ్గానే ఉంటే, ప్రోగ్రాములు ఏ ఫైళ్లు తాకొచ్చో నియంత్రించే యాప్‌ఆర్మర్ ప్రొఫైల్‌లో కొత్త దారి చేర్చాలి. రెడ్ హ్యాట్ తరహాలో అయితే అలాంటి పనే చేసే ఎస్‌ఈలినక్స్ లేబుల్ మార్చాలి. ఎస్‌ఈలినక్స్‌నే ఆపేయడం పరిష్కారం కాదు.

## ఒకేసారి అయిదు సర్వర్లు లేపితే ఒక్కటి తప్ప అన్నీ ఫెయిలవుతున్నాయి.

అయిదూ ఒకే డేటాబేస్ మీద ఒకే స్కీమాని ఒకేసారి తయారు చేయబోతున్నాయి. ఒకటి గెలుస్తుంది, మిగతావి "ఇప్పటికే ఉంది" అని కూలుతాయి. పోస్ట్‌గ్రెస్‌లో అడ్వైజరీ లాక్, మైఎస్‌క్యూఎల్‌లో గెట్-లాక్ తీసుకుని నడిపితే వరసలో నిలబడతాయి. కానీ స్కీమా పనిని సర్వర్ ఇన్‌స్టలేషన్ నుంచి పూర్తిగా విడదీసి, ఒక్క చోట నుంచి ఒక్కసారే నడపడమే అసలు మందు.

## ఫెయిలైన సర్వర్‌ని రిపేర్ చేయాలా, తీసేసి కొత్తది లేపాలా?

లోపల నిజమైన డేటా ఉంటే తీసేసే ప్రసక్తే లేదు, ముందు బ్యాకప్. డేటా లేని కొత్త సర్వర్ అయితే లాగులన్నీ బయటికి కాపీ చేసుకుని, కారణం తేలేదాకా దాన్ని అలాగే ఉంచండి. కారణం తెలిశాక దాని మీద చేత్తో సరిచేయకుండా, స్క్రిప్ట్ సరిచేసి కొత్తది లేపండి. చేత్తో చేసిన సవరణ ఆ ఒక్క సర్వర్‌లోనే ఉంటుంది, తర్వాతి సర్వర్ మళ్లీ అక్కడే పడుతుంది.

అదే మెషీన్ మీద మళ్లీ ప్రయత్నించాలంటే ఊరికే రీబూట్ చేస్తే సరిపోదు. క్లౌడ్-ఇనిట్ ఒక ఇన్‌స్టెన్స్‌కి ఆ స్క్రిప్ట్‌ని ఒక్కసారే నడుపుతుంది. క్లౌడ్-ఇనిట్ క్లీన్ కమాండ్ ఇచ్చి, ఆ తర్వాత రీబూట్ చేయండి. మొదటి లాగ్ కాపీ బయట ఉందో లేదో ఆ కమాండ్‌కి ముందే చూసుకోండి. క్లీన్‌కి లాగ్స్ ఆప్షన్ కూడా ఇస్తే పాత లాగ్ చెరిగిపోతుంది.